గేమింగ్‌కి లాగ్ తక్కువ ఉండే స్క్రీన్: టీవీనా, మామూలు మానిటరా, 180 హెర్ట్జా, ఓఎల్ఈడీనా, ఎవరికి ఏది

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, టెక్కెన్, ఎఫ్‌సీ, ఏదైనా గానీ నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లోళ్ళు ఇప్పుడు ర్యాంకు కోసం పట్టుబట్టి ఆడుతుండారు, వాళ్ళల్లో ఎవురు అడిగినా ఒకటే మాట, "అన్నా పన్నెండు వేలు ఉండాయి, లాగ్ లేని మానిటర్ ఏదో చెప్పు" అని. మోడల్ పేరు చెప్పడం ఎంతసేపు, కానీ దానికన్నా ముందు నేను అడిగేది దానికి ఏం తగిలిస్తావ్ అని. పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) తగిలించేవాడికి 240 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకి 240 సార్లు బొమ్మ మార్చేది, చెప్తే వాడి డబ్బులు తీస్కెళ్ళి పెన్నలో పోసినట్టే, మంచి పీసీ ఉన్నోడికి హాల్లో టీవీ చాల్లే అంటే వాడు నెలల తరబడి ప్రాక్టీస్ చేసిందంతా ఆ టీవీ మింగేస్తది. స్క్రీన్ వెనకాల ఏం ఉండాదో దాన్ని బట్టే స్క్రీన్ ఎంచుకోవాల, ఇదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా తేలికైపోతది.

ముందు ఒకటి తేల్చుకోండి, మీకు ఉండే లాగ్, అంటే ఆలస్యం, నెట్‌దా, స్క్రీన్‌దా? ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు మీరు కాల్చాక అవతలోడు ఒక క్షణం ఆగి చావడం, మనిషి ఉన్నట్టుండి ఇక్కణ్ణుంచి అక్కడికి ఎగిరిపోవడం, ఇవన్నీ పింగ్ (మీ సిగ్నల్ గేమ్ సర్వర్‌కి పోయి తిరిగి రావడానికి పట్టే టైం) గోల, మానిటర్ మారిస్తే పోవు. ప్రాక్టీస్ రేంజ్‌లోకో కంప్యూటర్ ఆడించే బాట్లతో ఆడే మ్యాచ్‌లోకో వెళ్ళండి, అక్కడ కూడా మౌస్ తిప్పితే చూపు జిడ్డుగా, చేతి వెనకాల ఈడ్చుకుంటా వస్తుంటే అప్పుడు అది ఇన్‌పుట్ లాగ్, చెయ్యి కదిపాక స్క్రీన్ మీద కనపడేదాకా పట్టే ఆలస్యం. పింగ్ విషయంలో మనం కొంచెం అదృష్టవంతులమే, కౌంటర్ స్ట్రైక్‌కి చెన్నైలో సర్వర్ ఉండాది, నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లే, వాలరెంట్‌కి ముంబై సర్వర్ వాడుకోవాల. మూడో గదిలో కూర్చోని వైఫై మీద ఆడేవాళ్ళు మానిటర్ గురించి ఆలోచించే ముందర రౌటర్ నుంచి ఒక లాన్ కేబుల్ లాక్కోండి, రెండు మూడొందల్లో అయిపోయే పని, చాలామందికి సగం బాధ అక్కడే పోద్ది.

ఇప్పుడు స్క్రీన్ లాగ్ అంటే ఏందో కొంచెం లోపలికి పోదాం, ఎందుకంటే షాపులో మనల్ని బుట్టలో వేసేది ఇక్కడే. మీరు మౌస్ నొక్కిన కాడ్నుంచి స్క్రీన్ మీద తుపాకీ మెరిసేదాకా చానా అంచెలు ఉండాయి, మౌస్, యూఎస్‌బీ, గేమ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్, ఆఖర్న స్క్రీన్. స్క్రీన్ లోపల మళ్ళీ మూడు పనులు జరుగుతాయి. మొదటిది వచ్చిన బొమ్మని పట్టుకోని రంగులు సరిచేసి పదును పెట్టి ఇంకేదో చేసే ప్రాసెసింగ్. రెండోది ఆ బొమ్మని పై వరస నుంచి కింది వరస దాకా గీయడం, గోడకి సున్నం కొట్టేవాడు పైనుంచి కిందికి దిగినట్టు వరస తర్వాత వరస దిగుతది, ఒక్కసారిగా అంతా రాదు. మూడోది ఒక్కో పిక్సెల్ పాత రంగు వదిలి కొత్త రంగుకి మారడం. అట్ట పెట్టె మీద పెద్దక్షరాలతో "1 మిల్లీసెకన్" అని రాసుంటాదే, అది ఈ మూడో దాని గురించి మాత్రమే, అది కూడా ఓవర్‌డ్రైవ్ అనే, పిక్సెల్‌ని తొందరపెట్టే సెట్టింగ్‌ని చివరంటా పెంచేసి ఏదో ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారేటప్పుడు వచ్చిన అన్నింటికన్నా మంచి నంబరు. ఆ సెట్టింగ్‌లో ఆడితే కదిలే బొమ్మ వెనకాల తెల్లటి నీడ తోకలాగా వస్తది, అసలు ఎవురూ అట్టా ఆడరు. కొన్ని పెట్టెల మీద 1 మిల్లీసెకన్ పక్కన ఎంపీఆర్‌టీ అని చిన్నగా ఉంటాది, అదైతే బ్యాక్‌లైట్‌ని టపటపా ఆర్పి వెలిగించి మసక తగ్గించే పద్ధతి తాలూకు నంబరు, దానికీ లాగ్‌కీ సంబంధమే లేదు. 1 మిల్లీసెకన్ అని రాసున్న స్క్రీన్‌కి ఇన్‌పుట్ లాగ్ 10 ఉండొచ్చు, 5 రాసున్న దానికి 4 ఉండొచ్చు. "సార్ 1 ఎంఎస్ సార్, లాగే ఉండదు" అని కౌంటర్లో చెప్తే తలకాయ ఊపి, హెర్ట్జ్ ఎంత, ప్యానెల్ ఏంది అని అడగండి.

హెర్ట్జ్ లెక్క చాలా సింపుల్, 1000ని హెర్ట్జ్‌తో భాగించండి, ఒక్కో ఫ్రేముకి, అంటే ఒక్కో బొమ్మకి, ఎన్ని మిల్లీసెకన్లో వచ్చేస్తది. 60కి 16.7, 100కి 10, 144కి 6.9, 180కి 5.6, 240కి 4.2, 360కి 2.8. ఈ వరస జాగర్తగా చూడండి, 60 నుంచి 144కి పోతే ఫ్రేముకి దగ్గర దగ్గర 10 మిల్లీసెకన్లు మిగుల్తాయి, 144 నుంచి 240కి పోతే మూడు కూడా మిగలవు, 240 నుంచి 360కి పోతే ఒకటిన్నర కూడా లేదు. డబ్బులు మాత్రం తిరగబడి ఉంటాయి, మొదటి మెట్టు అన్నింటికన్నా చవక, పైకి పోయే కొద్దీ ఒక్కో మిల్లీసెకన్‌కి వేలకి వేలు. అందుకే 60లో ఆడే పిల్లోడు 144 అయినా 165 అయినా 180 అయినా దేనికి మారినా మొదటిరోజే తెలుసుకుంటాడు, వేరే మనిషి చెప్పక్కర్లా, ఆ పైన మెట్లు మాత్రం చేతికి తెలియాలంటే ఆట కూడా ఆ స్థాయిలో ఉండాల.

సరే టీవీల సంగతికి వద్దాం, ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఇంట్లో 43 ఇంచుల టీవీ ఉంటది, దానికి పీఎస్5 తగిలిస్తారు, అమ్మావాళ్ళు సినిమాలు చూసే మోడ్‌లోనే ఆట మొదలెడతారు. ఆ మోడ్‌లో టీవీ బొమ్మని నున్నగా చూపించడానికి రెండు ఫ్రేముల మధ్యలో ఇంకో ఫ్రేముని సొంతంగా తయారు చేస్తది, మధ్యది తయారు చెయ్యాలంటే తర్వాత వచ్చే ఫ్రేము దాని చేతిలో ఉండాల గదా, అందుకని మీకు చూపించకుండా పట్టుకోని కూర్చుంటది. దానికి తోడు నాయిస్ తగ్గించడం, కాంట్రాస్ట్ పెంచడం. ఇవన్నీ కలిసి చానా టీవీల్లో 50 నుంచి 100 మిల్లీసెకన్ల పైదాకా పోతాది లాగ్. అదే టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఈ పనులన్నీ ఆపేసి 10 నుంచి 20 మధ్యకి దిగొస్తది, పైసా ఖర్చు లేదు, రిమోట్‌తో అయిపోయే పని. కొత్త టీవీల్లో ఏఎల్ఎల్ఎం అని ఉంటాది, కన్సోల్ ఆన్ అవ్వంగానే దానంతటదే గేమ్ మోడ్‌లోకి పోతాది, అయినా ఒకసారి మెనూలోకెళ్ళి చూసుకోండి, హెచ్‌డీఎంఐ సెట్టింగ్ ఎన్‌హాన్స్‌డ్‌లో లేకపోతే కొన్నింట్లో అది పనిచెయ్యదు.

60 హెర్ట్జ్ టీవీ ఎంత మంచిదైనా స్క్రీన్ మధ్యలో కొలిస్తే 8 మిల్లీసెకన్ల కిందకి రాలేదు, ఎందుకంటే పైనుంచి సగం దాకా గీసుకుంటా రావడానికే అంత పడతది. 120 హెర్ట్జ్ టీవీ అయితే అది 4కి దిగుతది. అందుకే టీవీయే కావాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది 120 హెర్ట్జ్ ప్యానెల్, హెచ్‌డీఎంఐ 2.1, వీఆర్ఆర్ (ఆట ఇచ్చే ఫ్రేములకి తగ్గట్టు స్క్రీన్ తన హెర్ట్జ్ మార్చుకోవడం) ఉండేదాని కోసం ఆగండి, లేదంటే ఉన్నదాన్ని గేమ్ మోడ్‌లో పెట్టుకోని ఆడుకుంటా ఉండండి, ఈ రెండిటికీ మధ్యలో 25 వేలు పెట్టి ఇంకో 60 హెర్ట్జ్ టీవీ కొనడంలో అర్థం లేదు. ఇంకో మెలిక ఉండాది, జాగర్త. "మోషన్ రేట్ 120", "120 హెర్ట్జ్ డీఎల్‌జీ" అని స్టిక్కర్లు కనపడతాయి చవక 4కే టీవీల మీద. మోషన్ రేట్ అనేది ఉత్త ప్రచారం మాట, లోపల ప్యానెల్ 60దే. డీఎల్‌జీ అనేది పూర్తిగా అబద్ధం అనలేం గానీ, రెండేసి వరసల్ని ఒకేసారి గీసి 120 తెప్పిస్తది, అంటే నిలువు రిజల్యూషన్ సగం అయిపోద్ది. కన్సోల్‌తో సరదాగా ఆడేవాళ్ళకి పర్లేదు, 4కేలో 120 వస్తాదని నమ్మి కొంటే మాత్రం బాధ పడతారు.

కన్సోల్ వాళ్ళకి ఇంకో రెండు ముక్కలు. పీఎస్4లో మామూలు ఆటలకి 60 దాటదు, కాబట్టి దానికి తగిలించడానికి మంచి 75 లేదా 100 హెర్ట్జ్ ఐపీఎస్ (రంగులు బాగా చూపించే ప్యానెల్ రకం) మానిటర్ చాలు, లాగ్ విషయంలో చానా టీవీల కన్నా మెరుగ్గా ఉంటది. పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కీ 120 దాకా ఉండాది, కానీ ఆ ఆట కూడా 120 ఇవ్వాల, గేమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకోవాల. హెచ్‌డీఎంఐ 2.0 ఉండే మామూలు 1080 (1920×1080 పిక్సెళ్ళు) మానిటర్లో కూడా పీఎస్5 120 హెర్ట్జ్ ఇస్తది, 1440 (2560×1440) సపోర్ట్ 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తో వచ్చింది. వీఆర్ఆర్ మాత్రం పీఎస్5లో హెచ్‌డీఎంఐ 2.1 తరహాదే పనిచేస్తది, మానిటర్ మీద ఫ్రీసింక్ (ఏఎండీ వాళ్ళ వీఆర్ఆర్) అని ఉంటే సరిపోద్దని అనుకోబాకండి, ఎక్స్‌బాక్స్ అయితే ఫ్రీసింక్ కూడా తీసుకుంటది. టెక్కెన్ 8 లాంటి ఫైటింగ్ ఆటలు 60 దగ్గరే కట్టేసి ఉంటాయి, వీటికి పెద్ద హెర్ట్జ్ కన్నా ప్రాసెసింగ్ లాగ్ లేని స్క్రీన్ ముఖ్యం.

పీసీ వాళ్ళకి అసలు పోలిక ఇక్కడ మొదలవుతది.

కింది మెట్టు ఆఫీసు మానిటర్లు, 75, 100 హెర్ట్జ్, ఆరేడు వేల నుంచి దొరుకుతాయి. చదువుకునే పిల్లోడు, పక్కనే కొంచెం ఆడుకుంటాడు అంటే 100 హెర్ట్జ్ ఐపీఎస్ మంచి ఎంపికే, నేను తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే ఇంకో మూడు వేలు కూడబెట్టగలిగితే ఆగమంటా, ఎందుకంటే ఆ పైన ఉండే మెట్టు మొత్తం బజార్లోనే అన్నింటికన్నా గిట్టుబాటు.

అది 24 ఇంచుల 1080, ఐపీఎస్, 144 నుంచి 180 హెర్ట్జ్. తొమ్మిది నుంచి పన్నెండు వేల మధ్యలో, ఆఫర్లని బట్టి అటూ ఇటూ. ఈ తరగతిలో పేరున్న కంపెనీలవి చానా వరకు ఆ హెర్ట్జ్‌లో ప్రాసెసింగ్ లాగ్ దాదాపు లేకుండానే వస్తుండాయి, రంగులు బాగుంటాయి, పక్కనుంచి చూసినా మారవు. వాలరెంట్ ఆడే మధ్యతరగతి పీసీ ఏదైనా ఈ మానిటర్‌కి తగ్గ ఫ్రేములు ఇస్తది. 144, 165, 180 మధ్య తేడా కోసం కొట్టుకోవద్దు, 144కి 6.9 అయితే 180కి 5.6, ఒకే రేటుకి దొరికితే 180 తీసుకోండి, రెండు వేలు ఎక్కువ అయితే 144లో స్టాండు బాగుండేది తీసుకోండి. అవును, స్టాండు. ఎత్తు పెంచుకునే స్టాండు లేక కింద పుస్తకాలు పేర్చుకోని మెడ వంచి గంటలు గంటలు ఆడేవాళ్ళని చూస్తుండా, మెడ నొప్పితో ఎయిమ్ కుదరదు.

ఇదే రేటులో షాపుల్లో వంపు తిరిగిన స్క్రీన్లు మెరిసిపోతా ఉంటాయి, చూడగానే మనసు అటే పోద్ది. చవకలో వచ్చే వంపు స్క్రీన్లు దాదాపు అన్నీ వీఏ ప్యానెల్. నలుపు బాగా చూపిస్తది, సినిమాలకి అందం, కానీ నలుపు నుంచి బూడిద రంగుకి పిక్సెల్ మారడానికి టైం తీసుకుంటది, చీకటి మూలలో మనిషి కదిలినప్పుడు వెనకాల నల్లటి మరక సాగుతది. షూటర్ ఆటల్లో మీకు కనపడాల్సింది సరిగ్గా ఆ చీకటి మూలలో ఉండే మనిషే గదా. ఖరీదైన వీఏల్లో ఇది బాగా తగ్గించారు గానీ పదివేల తరగతిలో ఐపీఎస్ వదిలి దీనికి పోవద్దని గట్టిగా చెప్తా.

టీఎన్ ప్యానెల్ పాతది, రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి, కొంచెం పైనుంచో కిందనుంచో చూస్తే మారిపోతాయి, కానీ వేగం మాత్రం వేగమే. చానా ఏళ్ళు పెద్ద టోర్నమెంట్లలో బెంక్యూ జోవీ 240 హెర్ట్జ్ టీఎన్ మానిటర్లే బల్లల మీద కనపడేవి. సెకండ్ హ్యాండ్‌లో అట్టాంటిది మంచి కండిషన్‌లో దొరికితే, ఆట తప్ప ఇంకేం పని లేదంటే తీసుకోవచ్చు, బ్యాక్‌లైట్ మసకబారిందా, మచ్చలు ఉండాయా అని తెల్ల స్క్రీన్ పెట్టి చూసుకోని.

1440 రిజల్యూషన్, 27 ఇంచులు, 180 హెర్ట్జ్ ఇప్పుడు పదిహేను నుంచి ఇరవై వేల మధ్యకి దిగొచ్చాయి, చూస్తే కళ్ళకి పండగే. లెక్క ఒకటి గుర్తు పెట్టుకోండి, 1080లో పిక్సెళ్ళు దాదాపు 20.7 లక్షలు, 1440లో 36.9 లక్షలు, అంటే గ్రాఫిక్స్ కార్డుకి 1.78 రెట్లు పని. కార్డు చిన్నదైతే ఫ్రేములు పడిపోతాయి, ఫ్రేములు పడితే లాగ్ పెరుగుతది, అప్పుడు 180 హెర్ట్జ్ కొన్న ప్రయోజనం పోయినట్టే. కథ ఉండే ఆటలు, పోటీ ఆటలు రెండూ ఆడేవాళ్ళు, కార్డు గట్టిది ఉన్నవాళ్ళు ఇది తీసుకోవచ్చు. పోటీ ఒక్కటే ముఖ్యం అనేవాళ్ళకి 24, 25 ఇంచులే నయం, తల తిప్పకుండా మ్యాపూ, బుల్లెట్లూ, మనిషీ అన్నీ ఒక చూపులో పడతాయి.

240 హెర్ట్జ్ 1080 కూడా దాదాపు ఈ రేటులోనే. ఇది ఎవరికి అంటే ఆటలో 240 ఫ్రేములు నిలకడగా వస్తుండేవాళ్ళకి. నిలకడగా అనే మాట ముఖ్యం, ఊరికే ఆకాశం చూస్తే 300 వచ్చి, బాంబు పెట్టే సైట్‌లోకి ఐదుగురు పొగ వేస్కోని దూరినప్పుడు 130కి పడితే మీకు 240 లేనట్టే, ఆ డబ్బులు ప్రాసెసర్ మీద పెట్టడం మేలు. వాలరెంట్‌లో ఫ్రేములు ఎక్కువగా ప్రాసెసర్ మీదే ఆధారపడతాయి, కౌంటర్ స్ట్రైక్ 2 పాత దానికన్నా బాగా బరువు.

ఓఎల్ఈడీ, అంటే ఒక్కో పిక్సెల్ సొంతంగా వెలిగే స్క్రీన్, నిజం చెప్పాలంటే దీన్ని మించింది లేదు. పిక్సెల్ మారడం 0.03 మిల్లీసెకన్ అని రాస్తారు, అట్టాంటి నంబర్లని అట్టే నమ్మొద్దని పైన చెప్పా గానీ ఇక్కడ మాత్రం కంటితో చూస్తేనే తెలుస్తది, 240 హెర్ట్జ్ ఓఎల్ఈడీలో కదిలే బొమ్మ 360 ఐపీఎస్‌కి దీటుగా శుభ్రంగా ఉంటాది. రేటు యాభై వేల చుట్టుపక్కల, పైకి ఎంతైనా. రెండు భయాలు ఉండాయి. ఒకటి, ఎప్పుడూ ఒకే చోట ఉండే హెల్త్ బార్, టాస్క్ బార్ లాంటివి ఏళ్ళు గడిచే కొద్దీ అచ్చు పడే ప్రమాదం, కాబట్టి బర్న్ ఇన్‌కి కూడా వారంటీ ఇచ్చే మోడల్ మాత్రమే చూడండి. రెండోది మన ఇళ్ళు. ఎండాకాలం గాలి కోసం కిటికీలు బార్లా తీసి పెట్టుకుంటాం, వెలుతురు నేరుగా స్క్రీన్ మీద పడితే క్యూడీ ఓఎల్ఈడీ రకం నలుపు కాస్తా బూడిద రంగుకి తిరుగుతది, మెరిసే గాజు అయితే వెనక కిటికీ మొత్తం అందులో కనపడతది. కర్టెన్ వేసుకునే గది, మంచి కార్డు, డబ్బులకి ఇబ్బంది లేదు, ఇవన్నీ ఉంటే హాయిగా తీసుకోండి.

లాప్‌టాప్ వాళ్ళకి మానిటర్ కొనే ముందు పోర్టు చూస్కోమని చెప్తా. హెచ్‌డీఎంఐ 1.4 ఉండే పాత లాప్‌టాప్ చానా వరకు 1080లో 120 దాటదు, 2.0 ఉంటే 1080లో 240 దాకా, 1440లో 144 దాకా వస్తది. డిస్‌ప్లే పోర్ట్ ఉంటే ఇంకా మంచిది. చానా గేమింగ్ లాప్‌టాప్‌లలో సొంత స్క్రీన్‌కి బొమ్మ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ గుండా పోతాది, మక్స్ స్విచ్ (బొమ్మని నేరుగా గ్రాఫిక్స్ కార్డు నుంచి స్క్రీన్‌కి పంపే సౌకర్యం) ఉంటే దాన్ని మార్చుకోండి, ఫ్రేములు పెరుగుతాయి, లాగ్ కొంచెం తగ్గుతది.

బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే షూటింగ్ ఆట) పిల్లోళ్ళు ఫోన్‌ని టీవీకి కాస్ట్ చేసి పెద్దగా చూస్తా ఆడదామని అడుగుతుంటారు. వద్దు. వైఫై మీద కాస్టింగ్ అంటే బొమ్మని ఫోన్ కుదించి పంపాల, టీవీ విప్పి చూపించాల, చూడ్డానికి బాగుంటది గానీ ఆడడానికి పనికిరాదు. వైరుతో తగిలించాలన్నా ఫోన్ సీ పోర్టులో వీడియో బయటికి ఇచ్చే సౌకర్యం ఉండాల, యూఎస్‌బీ 2.0 పోర్టు ఉండే మామూలు ఫోన్లలో అది ఉండదు. మీ డబ్బులు 90 లేదా 120 ఫ్రేములు ఆ ఆటలో నిజంగా ఇచ్చే ఫోన్ మీదే పెట్టండి, కొనే ముందు ఆ మోడల్‌కి గేమ్ సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ కనపడతాదా లేదా అని ఆడేవాళ్ళని అడిగి తెలుసుకోండి, ఫోన్ స్క్రీన్ 120 హెర్ట్జ్ ఉన్నంత మాత్రాన ఆట 120 ఇవ్వదు.

ఇంటికి తెచ్చాక అసలు పని ఉండాది. కొత్త 180 హెర్ట్జ్ మానిటర్ తగిలించినా విండోస్ చానాసార్లు 60లోనే నడుపుతా ఉంటది, సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి పోయి రిఫ్రెష్ రేట్ మీరే మార్చాల. నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద షాపుల్లో డెమోకి పెట్టిన గేమింగ్ మానిటర్లలో కూడా 60 మీద తిరిగేవి కనపడతాయి, అక్కడ చూసి "ఏం తేడా లేదు గదా" అని వెనక్కి వచ్చేవాళ్ళు ఉండారు, అందుకే షాపులో ముందుగా ఆ పేజీ తీసి చూపించమనండి, మార్చమనండి, అప్పుడు కర్సర్‌ని గుండ్రంగా గబగబా తిప్పి చూడండి. పెట్టెలో వచ్చిన కేబులే వాడండి, పీసీకి అయితే డిస్‌ప్లే పోర్ట్‌తో. ఓవర్‌డ్రైవ్ మధ్యలో ఉండే మెట్టులో పెట్టండి. ఆటలో వీసింక్ ఆపండి, ఎన్విడియా కార్డు ఉంటే లాగ్ తగ్గించే రిఫ్లెక్స్ ఆన్ చెయ్యండి, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 రెండింట్లోనూ ఉండాది, ఏఎండీ వాళ్ళకి యాంటీ లాగ్. బొమ్మ చిరిగినట్టు కనపడి చిరాకు పుడితే ఫ్రీసింక్ లేదా జీసింక్ (ఎన్విడియా వాళ్ళది) ఆన్ చేసి ఫ్రేములని హెర్ట్జ్ కన్నా మూడు నాలుగు తక్కువలో కట్టేయండి.

అంతా చేశాక నిజంగా ఎంత తగ్గిందో చూస్కోవాలంటే పెద్ద మెషిన్లేం అక్కర్లా, ఫోన్ చాలు. స్లో మోషన్‌లో 240 ఫ్రేముల మోడ్ ఉండే ఫోన్ తీసుకోండి, మౌస్‌ని ఎత్తి స్క్రీన్ పక్కన పట్టుకోండి, వేలూ స్క్రీనూ రెండూ ఒకే ఫ్రేములో పడాల. ప్రాక్టీస్ రేంజ్‌లో పిస్టల్ తీసి, రికార్డింగ్ పెట్టి, వేలు కొంచెం పైకెత్తి గట్టిగా నొక్కండి. వీడియోని గ్యాలరీలో ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటా పోండి, బటన్ పూర్తిగా కిందకి దిగిన ఫ్రేము నుంచి తుపాకీ మూతి దగ్గర మెరుపు కనపడే ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు, 20 వస్తే 83, 8 వస్తే 33. ఇట్టా పది సార్లు నొక్కి సగటు తీయండి, ఎందుకంటే ఒక్కోసారి ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అవుతది. ఇది మౌస్ నుంచి స్క్రీన్ దాకా మొత్తం లాగ్, అందుకని స్క్రీన్ ఒక్కటే మార్చి, మిగతావన్నీ అట్టే ఉంచి, రెండుసార్లు కొలిచి తేడా చూడాల. టీవీలో గేమ్ మోడ్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి తీసి చూడండి, ఆ రెండు నంబర్లు పక్కపక్కన చూసినోడు ఇంకెప్పుడూ సినిమా మోడ్‌లో ఆడడు.

కొనే చోటు గురించి. నెల్లూరు, ఒంగోలు షాపుల్లో రకాలు తక్కువ, కానీ ఆన్ చేసి చూసి తెచ్చుకోవచ్చు, చెడిపోతే వాళ్ళ మొహం మీదకి పోయి అడగొచ్చు. నెల్లూరోళ్ళు చానామంది చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోతారు, రేటు తగ్గుతది, బేరం నడుస్తది, అయితే జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోకుండా తక్కువ రేటుకి ఆశపడి బయటకి రాబాకండి, వారంటీకి అదే ఆధారం. రైల్లో తెచ్చేటప్పుడు పెట్టెని నిలువుగానే పెట్టండి, పడుకోబెట్టి పైన బ్యాగులు వేస్తే ప్యానెల్ నొక్కుకుపోద్ది. ఆన్‌లైన్‌లో రేట్లు అన్నింటికన్నా తక్కువ, దసరా, సంక్రాంతి ముందర ఆఫర్లు గట్టిగా ఉంటాయి, పెట్టె తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. ఎక్కడ కొన్నా ముందు అడగాల్సింది సర్వీస్ ఇంటికొచ్చి చేస్తారా, మన ఊళ్ళో సెంటర్ ఉండాదా, మనమే మోసుకోని చెన్నైకో విజయవాడకో పోవాలా అని. 32 ఇంచులు దాటిన టీవీలు, మానిటర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, 32 లోపు వాటికి ముందు నుంచీ 18దే, కాబట్టి 24 ఇంచుల మానిటర్‌కి "పన్ను తగ్గింది సార్, అందుకే ఈ రేటు" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

కరెంటు గురించి కూడా లెక్క వేసుకోండి, ర్యాంక్ మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే పాయింట్లు పోతాయి, పెనాల్టీ పడతది. గ్రాఫిక్స్ కార్డు ఉండే పీసీకి 600 వీఏ కెపాసిటీ యూపీఎస్ సరిపోదు, కార్డు గట్టిగా లాగినప్పుడు కుయ్యోమని ఆగిపోతది, 1000 వీఏ చూడండి, రౌటర్‌కి కూడా ఒక చిన్న యూపీఎస్.

నా చేతికి పన్నెండు వేలు ఇచ్చి మామూలు పీసీ ఉండే తమ్ముడికి కొనిపెట్టమంటే 24 ఇంచుల 180 హెర్ట్జ్ ఐపీఎస్ కొని, మిగిలిన దాంట్లో లాన్ కేబుల్, మంచి మౌస్ ప్యాడ్ తెస్తా. ఇరవై వేలు ఉండి, వాడి ఆటలో 240 నిలబడతాది అంటే 240 హెర్ట్జ్ 1080, నిలబడకపోతే మళ్ళీ ఆ 180దే కొని మిగతాది ప్రాసెసర్‌కి దాచమంటా. పీఎస్5 ఒక్కటే ఉండి సొంత గది ఉంటే అదే మానిటర్‌ని 120లో వాడుకోమంటా, అందరూ కలిసి చూసే హాల్ అయితే 120 హెర్ట్జ్, హెచ్‌డీఎంఐ 2.1 టీవీకి డబ్బులు పోగయ్యేదాకా ఉన్న టీవీలో గేమ్ మోడ్. పీఎస్4 వాళ్ళు ఇవాళే రిమోట్ తీసి గేమ్ మోడ్ వెయ్యండి, కొనే సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.